గాలే

తెల్సెన్ దాటాక తారు అయిపోతుంది.
అక్కణ్ణుంచి గులకరాళ్ళు, ముళ్ళపొదలు.
పటగోనియాలో గాలికి వేళాపాళా లేదు,
అందుకే మొదట్లో నేనూ నమ్మాను.

వెనక పద్నాలుగు గ్యాసు బండలు, ఆరు పిండి బస్తాలు,
గొర్రెల మందు ఒక పెట్టె.
అరవై దాటగానే ఎక్కడో
ఊఁ... అని ఒక మూలుగు.
"గాలే" అన్నాడు ఎవరిస్తో,
మాతే కషాయం పీలుస్తూ, గొట్టం వదలకుండా.

మార్చిలో మూలుగు. ఏప్రిల్లో చెవిలో జోరీగ.
మే చివరికి రేడియో గొంతు పెంచి
మాట్లాడుకోవడమే మానేశాం.
ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చాను.
మూలుగు చోటు మారలేదు.
దిగుడులో గేరు తీసేసి ఊరికే దొర్లనిచ్చాను.
ఇంజను సద్దుమణిగింది, అది మణగలేదు.
ఎడమకు తిప్పితే గొంతు చించుకుంటుంది,
కుడికి తిప్పితే మూతి బిగిస్తుంది.
గాలికి కుడి ఎడమలు తెలుస్తాయా, ఎవరిస్తో?
"తెలుస్తాయి" అన్నాడు. "ఇది పడమటి గాలి."

వెంచుపాన్ షెడ్డుకి ఒక్కదాన్నే వెళ్ళాను.
రాతిగనిలో పేలిన మందు
ఆయన రెండు చెవులూ ఎప్పుడో పట్టుకుపోయింది.
ఊఁ అని మూలిగి చూపించబోయాను.
ఆయన నా మూతి చూసి నవ్వి
జాకీ తెచ్చుకున్నాడు.

పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి,
పాలపన్ను ఊపి చూసినట్టు చక్రాన్ని ఊపాడు.
టక్.
నాకు వినబడింది. ఆయనకి మోచేతిలో తెలిసింది.
బ్రేకు తొక్కమని సైగ.
తొక్కాను. చక్రం ఆట కట్టింది.
అంటే బాల్ జాయింటు కాదు,
నా పర్సుకి కాస్త ఊపిరి.

తర్వాత నన్ను చక్రం తిప్పమని
స్ప్రింగు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు,
ఈనబోయే గొర్రె కడుపు తడిమేవాడిలా.
చాలాసేపు అలాగే.
నా చెయ్యి లాగి అక్కడ పెట్టాడు.
ఇసుక.
ఇనుము లోపల ఇసుక నడుస్తోంది.

చక్రం దింపాడు. కాలిపర్‌ని తీగతో కట్టి వేలాడదీశాడు,
బ్రేకు గొట్టం మీద బరువు పడితే ఊరుకోడు.
టోపీ ఊడగొట్టి, సీల వంపు తీసి,
నట్టు, వాషరు, వాటి వెనక బేరింగు:
రోలర్ల మీద నీలం కమురు,
కప్పు గోడకి స్ఫోటకం మచ్చల్లా గుంటలు,
కందెన మాడిన చక్కెర పాకం.

ఇత్తడి కడ్డీ పెట్టి పాత కప్పుని కొట్టాడు,
ఈ పక్క ఒక దెబ్బ, ఆ పక్క ఒక దెబ్బ,
ఎవరికీ అన్యాయం జరగకుండా.
కొత్తది కూర్చోబెట్టేటప్పుడు
ఆ పాతదాన్నే తిరగేసి పైన పెట్టి దాని నెత్తిన కొట్టాడు.
పోయేదాని చేత వచ్చేదానికి పీట వేయించడం
అక్కడే చూశాను.

కందెన కూరడం నా పని.
ఎడమ అరచేతిలో ముద్ద, కుడి చేతిలో బేరింగు,
అంచుని ముద్దలోకి నొక్కి నొక్కి
అవతలి సందుల్లోంచి ఎర్రటి పురుగుల్లా బయటికొచ్చేదాకా.
"ఇంకా" అన్నాడు.
చెవిటివాళ్ళ "ఇంకా" గట్టిగా ఉంటుంది.
షెడ్డు రేకులు కూడా విన్నాయి.

చక్రం తిప్పుతూ నట్టు బిగించాడు.
బిగించి, పూర్తిగా వదిలేశాడు.
మళ్ళీ వేళ్ళతో మాత్రం, తగిలీ తగలనట్టు.
నేను స్పానరు అందించబోతే
చేతి మీద ఒక్కటిచ్చాడు.
కొత్త సీల వేసి పాతది నేలకి విసిరాడు,
మళ్ళీ వంగి ఏరాడు, నా టైర్లు గుర్తొచ్చి.

ఎడమదీ మార్చాం. ఆ కథ పొడుగు, దాని నట్టు తుప్పు.

తిరుగుదారిలో ఎవరిస్తోని ఎక్కించుకున్నాను.
అరవై. ఎనభై. ఎడమ వంపు.
ఏమీ లేదు.
ఆ ఏమీ లేకపోవడంలోంచి ఒక్కొక్కటే బయటపడ్డాయి:
గ్యాసు బండల గొలుసు, డాష్‌బోర్డులో నాణెం,
ఎవరిస్తో ముక్కులో సన్నటి ఈల.
ఆ తర్వాత, ఎండిన వాగు వంతెన మీద,
బండి మొత్తాన్ని ఒక భుజంతో పక్కకి నెడుతూ
ఊఁ...
ఎవరిస్తో నా వైపు చూశాడు. నోరు తెరవలేదు.
రేడియో కట్టేసి
నేనే అన్నాను:
"గాలే."