తొడిమలు

సుభానీ మాస్టారి దగ్గర మూడేళ్లు
గొడుగు లైట్లు మోశాను.
"గడ్డం కొంచెం దించమ్మా,
ఇటు చూడు బాబూ, ఇదిగో పిట్ట"
ఆయన మాటలే నా నోట్లో,
ఆయన నీలం తెరే నా బొమ్మల వెనక.

తర్వాత సొంత కెమెరా, వాయిదాల మీద.
ఫోన్లో ఎవరెవరివో చూసి
ఓ నెలంతా వెనకాల మసక,
ఓ నెలంతా తేనెరంగు ఎండ.
బ్రాడీపేటలో ఓ కుటుంబాన్ని
గడ్డిలో పడుకోబెట్టి, నిచ్చెనెక్కి తీస్తే
పెద్దాయన లేచి చొక్కా దులుపుకుని
"బాగుంది గానీ బాబూ, ఇది మేమేనా?" అన్నాడు.
డబ్బులిచ్చే వెళ్లాడు.
ఆ మాట మాత్రం
వాయిదా కంటే ముందే వచ్చి కూర్చునేది ప్రతి నెలా.

మార్చి. యార్డు వైపు నుంచి గాలి.
ఊరంతా తుమ్ముతున్న మధ్యాహ్నం
ఏసుమణి వచ్చింది,
కూతురు సువార్తకి ఐదు నిండాయని.
పసుపు గౌను, కిర్రుమనే కొత్త చెప్పులు.
వెనకాల దేవదాను, గుమ్మం దగ్గరే,
భుజం మీద టిక్కీలు మోసిన ఎర్రటి మరక.

"పాప బుగ్గ మీద చెయ్యెయ్యమ్మా"
అలవాటుగా అన్నాను.
వెయ్యలేదు.
"పొద్దున్నించీ తొడిమలు తీసొచ్చానయ్యా,
మూడుసార్లు సబ్బెట్టి కడిగినా పోలా.
మంట పుట్టుద్ది దానికి."

అని, వంగి,
మోచేతుల మధ్య పాపని ఇరికించుకుని లేపింది,
అరచేతులు రెండూ బయటికి తిప్పి,
వేళ్లు గాల్లో విడిగా పెట్టి.
పాపకీ అలవాటే కాబోలు,
కళ్లు గట్టిగా మూసుకుని
మోచేతి వంపులో ముక్కు దూర్చింది.

గడ్డం దించమనలేదు నేను.
పిట్టని పిలవలేదు.
తెర చివర చిరుగు కూడా పడింది బొమ్మలో.

మాస్టారికి చూపిస్తే
"ఎడమ పక్క వెలుగు తక్కువ" అన్నారు.
కాసేపటికి కళ్లజోడు తుడుచుకుని
మళ్లీ అడిగి తీసుకున్నారు.
ఏమీ అనలేదు. టీ తెప్పించారు.

అప్పట్నించీ
చెయ్యెక్కడ పెట్టాలో ఎవరికీ చెప్పను.
కూర్చుంటాను. చూస్తాను.
దర్జీ అన్నదమ్ములు ఫొటోకి నిలబడి కూడా
ఒకరి కాలరు దారం ఒకరు కొరుకుతారు.
కోర్టు గుమస్తాగారు
భార్య సంచీ దించమన్నా దించరు.
లాలాపేట కొత్త కోడలు మాత్రం
ఎవరి వైపూ జరగలేదు.
అదీ తీశాను.
అత్తగారు ఆ ఫొటో కొనలేదు.

"నవ్వించడం రాదు వీడికి" అని
అరండల్‌పేటంతా పేరు.
నష్టమే, ఒక్కో నెల.

ఏసుమణి అప్పట్లో సగం డబ్బులే ఇచ్చింది.
మిగతా సగానికి, మొన్న,
పేపర్లో చుట్టి నాలుగు గుప్పెళ్ల ఎండుమిరపకాయలు తెచ్చింది,
అన్నీ తొడిమలు తీసినవే.
పొట్లం విప్పి చూసి,
మర్చిపోయి, కన్ను నులుముకున్నాను.

ఆ సాయంత్రమంతా ఒంటికన్నుతోనే పని.
కెమెరాకి ఎలాగూ
ఒకటి చాలు.