రెండు మంటల నడుమ

మూడో సొరుగు తాళంచెవి నా కొంగుకే ఉంటది.
అందుల వికారాబాద్ దిక్కు నుంచి తెచ్చిన రాయి,
జానెడు పొడుగు.
కింద నలుపు, మీద నలుపు,
నడుమ పాలమీగడంత తెలుపు.
ఆ తెలుపుల నత్తలు.

చీటీ గౌస్ పాషా రాసింది,
నాకంటె ముందు ముప్పై ఏండ్లు ఈ ల్యాబ్ ఊడ్చినోడు.
సిరా ఎగిరిపోయింది. నంబరు మిగిలింది: నూట పద్నాలుగు.

సుధేష్ణ మేడం పిల్లలకు చెప్తుంటె
తడిబట్ట పట్టుకొని నిలబడి విన్న.
నేల పగిలి నిప్పు పారిందట,
చల్లారి నల్లరాయి అయిందట,
దాని గుంతల వాన నిలిచి చెరువైందట.
మళ్ల నిప్పు వచ్చేదాక
వెయ్యేండ్లో, పదివేలో.
కింద పండుకున్నది నిప్పేనని
నత్తలకు ఎవరు చెప్తరు?

"ఇదేం జీవి, ఎవరన్న చెప్పుండ్రి" అన్నది.
ఒక్కరు నోరు తెరవలే.
"నత్తగుల్ల మేడం.
నాట్లప్పుడు మా అమ్మ గంపెడు ఏరుకొచ్చి
చింతపులుసుల ఉడకేసేది.
పిన్నీసుతోని గుచ్చి తీసుకొని తినేటోళ్లం."
పిల్లలు నవ్విండ్రు.
మేడం నవ్వలే. రాయి నా చేతిల పెట్టి
"చుట్టు ఎటు తిరిగిందో చూడు" అన్నది.
ఎడమకు.
మా అమ్మ నత్తలు కుడికి తిరిగేటివి.
ఆరున్నర కోట్ల ఏండ్లకు
నా కండ్లకు ఆనిన తేడా అంతే.

తార్నాకల బస్సెక్కి ఉప్పల్ల దిగి
ఇంటికొచ్చి, చెప్పులు ఇడువకనే గోడ చూసిన.
మా గల్లీ చెరువుల కట్టింది.
రిజిస్ట్రీ కాయితంల చెరువు లేదు.
ఆ ఏడాది వానకే యాదికొచ్చింది దానికి.
నడుమెత్తు నీళ్లు, మూడు దినాలు.
నీళ్లు పోయినంక
ఫ్రిజ్ వెనుక, బియ్యం డబ్బా కింద,
పాప స్కూలు బూటుల
నత్తలు దొరికినయి.
రెండుసార్లు రంగు వేయించిన,
గీత పైకి తేలుతనే ఉంటది.

గోరుతోని గీరిన.
ఆసమానీ రంగు. దాని కింద సున్నం.
దాని కింద బురద.
దాని కింద మేం దిగిన కొత్తల వేసిన గులాబీ.
బురద పొర బియ్యపుగింజ మందం లేదు.
మూడు రాత్రులు డాబా మీద నిలబడ్డం మేము.

తెల్లారి,
బూటుల దొరికిన గుల్లను
నూట పద్నాలుగు పక్కన దూది మీద పెట్టిన.
చీటీ చించుకొని కూసున్న.
తేదీ రాసిన. చోటు రాసిన.
చెరువు పేరు కాడ పెన్ను ఆగింది,
కాయితాలల్ల లేనిదానికి ఏం పేరు రాయాలె?
పాషా ఉంటే అడుగుదును.

కుడికి తిరిగింది, అని మాత్రం రాసి
తాళం వేసిన.