పాయింట్ ఇరవై ఒకటి

ములుగు రోడ్డు పెట్రోల్ బంకు పక్కన
రంగు వెలిసిన పచ్చ వ్యాన్‌ల కూసుంట.
నా పని బండ్ల ఊపిరి చూసుడు.
పొగగొట్టంల నల్లపైపు జొనిపి
తెరమీద అంకె నిలవడేదాక ఆగుడు.
అంకె ఊకె నిలవడది,
ఎండల గొర్ల లెక్క అటిటు మెసుల్తది.

నిజం చెప్తున్న, పైపు జొనిపేది తక్కువ.
నూటికి తొంభై బండ్లు
నంబర్ ప్లేటు ఫోటో దిగి, పైసలిచ్చి,
ఇంజన్ బందువెట్టకుంటనే పోతయి.
నేను పాయింట్ ఇరవై ఒకటి అని కొడ్త.
పని నేర్పిన ఓనరు చెప్పిన అంకె అది.
"సున్నా కొడ్తె అనుమానం, అర కొడ్తె భయం,
ఇరవై ఒకటైతే ఎవ్వలు అడగరమ్మా."

ఎనుమాముల మార్కెట్ల మిర్చి దిగే నెల.
లారీ ఎంబడి లారీ,
తట్టు తెరిస్తె బజారంత తుమ్ములు.
ఆ పొద్దు సారంగపాణి బడి వ్యాన్ తెచ్చిండు.
పదకొండుమంది పిల్లలు, పన్నెండు టిఫిన్ డబ్బలు.
బండి ఆగుతాంటె కింద ఏదో గలగలమన్నది
రేకుడబ్బల చింతగింజలు పోసి ఊపినట్టు.

ఎందుకో ఆ రోజు పైపు జొనిపిన.
పిల్లలు చూస్తున్నరనేమో.
అర దాటొద్దన్న కాడ
నాలుగు మీదికి పోయి నిలవడ్డది అంకె.
ఈసారి మెసల్లేదు.
"వ్యాన్‌కు జరమొచ్చిందా ఆంటీ?"
వెనక సీట్ల పిల్ల అడిగింది.
సారంగపాణి నవ్విండు. నేను గూడ నవ్విన.

ఆటోనగర్ ఖాజా కిందికి దూరి
పిడికిలితోని కొట్టి చెప్పిండట:
కన్వర్టర్ పోయింది పాణన్నా.
లోపల తేనెపట్టసొంటిది ఉంటది, కాల్చిన మట్టిది.
సన్నసన్న అరలు, అర అరకు పిరమైన పూత.
తేనె ఉండదు. పోయే విషాన్ని ఆపి
విషం గాకుండ చేసి ఇడుస్తది.
నీ ప్లగ్గులు చెడిపోయి ఎన్నొద్దులాయె,
కాలని పెట్రోలు అక్కడిదాక పోయి కాలింది.
పట్టు పలిగింది.
కొత్తదానికి నలభై వేలు.
బండి మొత్తం అమ్మితే అరవై.

ఇంకో తొవ్వ గూడ చెప్పిండట.
డబ్బ కోసి, ఖాళీ చేసి, మళ్ల వెల్డింగ్ కొడ్త.
చూసెటోనికి డబ్బ డబ్బలెక్కనే ఉంటది.
పెంకులు కొనెటోడు నెలకోసారి వస్తడు,
మూడువేలు నీకే.
బుక్కెడు పూత అమ్ముకొని
పిల్లల ముంగట పొగ పోసుడే గదా ఇది.
ఆ మాట ఖాజా అనలే.
సారంగపాణి అనలే.
నేను గూడ ఇప్పుడంటున్న గని
అప్పుడు అనలే.
ఫెయిలని కాయితం చేతిల పెట్టిన, అంతే.
ఆయన మడతవెట్టి జేబుల పెట్టుకున్నడు
కరెంటు బిల్లు లెక్క.

వారం దినాలకు పోచమ్మ మైదాన్ సిగ్నల్ కాడ
అదే వ్యాన్ కనవడ్డది.
గలగల లేదు.
అద్దం దించి కొత్త కాయితం చూపిచ్చిండు,
కాజీపేటల కొట్టిచ్చిండట.
"పాసయ్యింది అక్కా."
చదివిన.
పాయింట్ ఇరవై ఒకటి.
కాజీపేటల కూసున్నోడు ఎవరో నాకు తెల్వదు.
అంకె మాత్రం ఎరుకే.
ఒక్క బళ్లె చదువుకున్నోళ్లం.

పచ్చలైటు పడ్డది. వెనక కిటికీల ఆ పిల్ల
చున్నీ లేక చెయ్యి అడ్డం పెట్టుకుంది ముక్కుకు,
రెండో చెయ్యి నాకు ఊపింది.

నిన్న ఎంజీఎంల చీటి రాయించుకున్న.
ఏడేండ్ల దగ్గు. మిర్చిదే అనుకున్న ఇన్నొద్దులు.
ముక్కుకు క్లిప్పు పెట్టి, నోట్లె పైపు పెట్టి
తెల్లకోటు పిల్ల అంటది
ఊదక్కా, ఇంకా ఊదు, ఇంకా,
ఆపకు, ఇంకా ఉంది లోపల.
ఇంక లేదు లోపల.
తెరమీద గీత లేస్తలేదు.
వెనక లైన్ల పద్దెనిమిదిమంది,
గడియారం ఒంటిగంట మీదికి వచ్చింది,
ఆమె టిఫిన్ డబ్బ బల్లమీద తెరవకుంటనే ఉంది.

నేను గీతను చూస్తలేను.
కీబోర్డు మీద
ఆమె వేళ్లను చూస్తున్న.