ఖాళీ గడి

తోర్షావ్న్ రేవులో వాన అడ్డంగా కొడుతోంది.
రాన్వా పైథాన్‌లో కూర్చుని
ఆర్‌ని పిలుస్తోంది,
పిట్టగోడ మీంచి గిన్నెడు పంచదార అడిగినట్టు:
ఇవిగో, ముప్ఫయ్యేళ్ల కాడ్ చేపల లెక్కలు,
కాస్త గీత గీసి పంపు.

మొదటిసారి ఒక పడవ తక్కువొచ్చింది.
ఇక్కడ వేళ్లు సున్న నుంచి, అక్కడ ఒకటి నుంచి.
సర్దింది. కాఫీ చల్లారింది.

రెండోసారి గీత
తొంభయ్యారు ఫిబ్రవరిలో నూతిలో పడింది.
ఆ నెల సముద్రంలో చేపే లేదట!

అటక మీది పడవ పుస్తకం దింపించింది.
ఉప్పు మరకల కింద హానుస్ చేతిరాత:
"తమ్ముణ్ణి పూడ్చాం. వల వెయ్యలేదు."

అవతలి భాషకి
తెలియదు అనడం తెలుసు.
దాన్ని ముట్టుకున్న ప్రతి కూడికా
తెలియదనే అంటుంది,
పక్కన పెట్టమని మనం చెప్పేదాకా.
గోడ దాటించేటప్పుడు ఎవరో
ఆ గడిలో సున్న పెట్టారు.

ఎవరో ఏమిటి, నేనే.
ఖాళీగా ఉంటే బాగోదని,
ఒక శుక్రవారం సాయంత్రం, ఇంటికెళ్లే తొందరలో.

మూడోసారి గీత జనవరి చివర ఆగి
మార్చిలో మళ్లీ లేచింది.
మధ్యలో చుక్కలైనా పెడదామన్నాను.
రాన్వా తలెత్తలేదు.
"ఉండనీ" అంది.