సంచుల లెక్క

జెమిని ఫ్లైఓవర్ పక్కన, కాన్సులేట్ గోడకి ఎదురుగా
నాదొక ప్లాస్టిక్ స్టూలు, రెండు గోనెపట్టాలు,
పాత క్యాలెండర్ అట్ట కోసి నంబర్లేసిన టోకెన్లు.
సంచికి ముప్పై. ఫోనుకి యాభై.
వానొస్తే టార్పాలిన్ ఉచితం.

లోపల వాళ్ళ పెద్దాయన ఫోటో ఉంటుందట.
నేనెప్పుడూ చూళ్ళేదు.
ఫోటో మారిందని నాకు సంచులే చెప్తాయి.

"ఇంతమందిని చూశావు కదా రత్నమ్మా, ఎవరు మేలు?"
అంటాడు ఆటో తంగవేలు, టీ గ్లాసు కడుక్కుంటూ.

ఏం చెప్పను.
బిన్నీ మిల్లు మూశాక ఇంట్లో పొయ్యి కూడా మూసినట్టే ఉండేది.
అక్కడ రెండు మేడలు కూలాయి.
అప్పటాయన యుద్ధాలకి పోయాడని పేపర్లో చదివాను,
నాకు మాత్రం పని ఇచ్చి పోయాడు.
సంచంటే భయం పట్టుకుంది వాళ్ళకి.
ఆ భయానికి నంబర్లేసి కూర్చున్నాను.

నా దగ్గరొక హార్లిక్స్ డబ్బా ఉంది.
వీసా దొరికినవాడు చిల్లర అడుగుతాడు,
"ఇంకా ఇరవై రావాలి కదా" అని నిలబడతాడు.
దొరకనివాడు నోటు చేతిలో పెట్టి
నేను పిలుస్తున్నా వినకుండా నడుస్తాడు.
ఆ చిల్లరంతా డబ్బాలో.
నా దగ్గరున్న తూకం ఇదొక్కటే.

తర్వాతాయన కాలంలో డబ్బా నెమ్మదిగా నిండేది.
మొగుళ్ళ వెంట పోయే ఆడపిల్లలు కూడా
చీరల మధ్య డిగ్రీ కాగితాలు దాచుకొచ్చారు.
"అక్కడ మాకూ పని చేసే వీలిస్తారంటక్కా" అంది ఒకమ్మాయి,
ఏదో తప్పు చేసినట్టు, మెల్లగా.
ఆ ఏడే అడయారు పొంగి సైదాపేటలో మా ఇంట్లో మెడలోతు నీళ్ళు,
టోకెన్లన్నీ నాని ముద్దయ్యాయి.
ఆయన డ్రోన్లు కూడా పంపాడంటాడు తంగవేలు.
నా పద్దులో డ్రోన్లకి గడి లేదు.

ఎర్ర టై ఆయనొచ్చాక నెల తిరక్కుండానే డబ్బా నిండేది.
మూడు లీటర్ల కుక్కర్ కొన్నాను.
ఈల వేసినప్పుడల్లా ఎవరో తల వంచుకుని పోతున్నట్టుండేది.
అబద్ధమెందుకు, అన్నం బాగానే ఉడికేది.
ఆఖరి ఏడు రోడ్డే ఖాళీ, స్టూలు బోర్లా.
ఆ జబ్బుని ఆయన ఖాతాలో రాయలేను.
నా ఆకలిని ఎవరి ఖాతాలో రాయాలో అదీ తెలీదు.

ముసలాయన మెత్తనోడన్నారు.
ఇంటర్వ్యూకి ఏడాది దాటి తేదీలిచ్చారు.
పాతవాళ్ళు కాగితాలు పెట్టెలో వేసిపోతే చాలన్నారు.
వాళ్ళకి సుఖమే.
మనిషే లోపలికి పోకపోతే నాకు సంచెక్కడిది?

ఇప్పుడు మళ్ళీ ఎర్ర టై.
ఒక్క కాగితానికి లక్ష డాలర్లట.
తంగవేలు వేళ్ళ మీద లెక్క మొదలెట్టి మధ్యలో ఆపేశాడు.
వాళ్ళ తమ్ముడు తిరుప్పూరులో బనియన్లు కుడతాడు,
సుంకం పెంచాక వారానికి మూడు రోజులే పనంట.
ఆ పిల్లోడు ఈ వీధి మొహం కూడా చూసెరగడు.

ముప్పై ఏళ్ళుగా థౌజండ్ లైట్స్‌లో ఓటేస్తున్నాను,
ఇంటికొచ్చి దండం పెట్టి మరీ అడుగుతారు.
నా డబ్బా నింపేవాళ్ళెవరూ
నన్ను ఓటడగలేదు.

ఈ పొద్దున టోకెన్ పద్నాలుగు.
నీలం చుడీదార్, గోళ్ళు కొరుక్కున్న పిల్ల.
తన ఖాతా అందరికీ కనపడేట్టు తెరిచిపెట్టమన్నారట,
పేవ్‌మెంట్ మీదే కూర్చుని ఫోటోలు ఒక్కొక్కటీ చెరుపుతోంది.
ఒకదాని దగ్గర ఆగి, "ఇది తీసెయ్యాలా అక్కా?"

మెరీనాలో ఏదో ఊరేగింపు. చేతిలో అట్ట.
గాలికి జుట్టు అడ్డమొచ్చి రాతలు కనిపించలేదు.
నవ్వు కనిపించింది.
"నాకు కళ్ళజోడు లేదమ్మా" అన్నాను.
అది నా సంచిలోనే ఉంది.

ఫోను నా ఒళ్ళో పెట్టి లోపలికి పోయింది.
ఉంచిందో, తీసేసిందో.

పదకొండున్నర.
గేటు దాటి వస్తోంది, మొహంలో ఏమీ లేదు.
వంద నోటు ఇచ్చింది.
యాభై చేత్తో పట్టుకుని చూస్తున్నాను,
అడుగుతుందా అని.