పచ్చ సిమ్ము

ఉలాన్‌బాతర్‌లో ఫోన్ల కొట్టు.
సొలోంగో అనే పిల్ల గాజు బల్ల మీద
మూడు పటాలు పరిచింది.
ఒకదాంట్లో నీలం, ఒకదాంట్లో ఎరుపు,
మూడోదాంట్లో పచ్చ. ఒలికిన చారులా
రోడ్ల వెంబడి పారి
గోబీ దగ్గర ఇంకిపోయాయి మూడూ.

"ముప్పై రోజులు, ఇరవై జీబీ" అంటోంది.
డ్రైవర్ దాష్‌జెవెగ్ వంగి
ఏ రంగూ అంటని చోట బొటనవేలు ఆనించాడు:
"మా అత్తగారి గుడారం."
"ఆవిడది ఏ సిమ్ము?"
పచ్చదన్నాడు. పచ్చదే కొన్నాను.

నాలుగో రోజు చూశాను.
గుడారానికి ఇరవై అడుగుల్లో పాతిన కర్ర,
కర్రకి ఒంటె ఊలు మేజోడు,
మేజోట్లో ఫోను.
జానెడు జరిపితే దానికి ఊపిరాడదు.
మోగితే ఆవిడ పరుగున వెళ్లి
గాలికి వీపు పెట్టి, మేజోడుకే చెవి ఆనించి
మేకల లెక్కా మోకాలి నొప్పీ
అరిచి అరిచి చెబుతుంది.

నా జీబీలు జేబులో చల్లగా పడున్నాయి.
సాయంత్రం ఆవిడే వచ్చి
తన ఫోను తీసి ఒళ్లో పెట్టుకుని
నాది మేజోట్లో దూర్చింది.

ఏం చెప్పాలో తోచలేదు.
"ఇక్కడ బాగా గాలి" అన్నాను.
"ఏంటీ? వినపడట్లా" అంది మా అక్క.