మూలంలో కోత

జూలై ఆఖరి వారం. వడపళని, కుమరన్ కాలనీ,
మేడ మీద ఆడిటరమ్మ ఆఫీసు.
కింద పిండిమర తిరుగుతుంటే
పైన నా కుర్చీ సన్నగా వణుకుతోంది.

బిస్కెట్ డబ్బా బల్ల మీద బోర్లించాను:
ఆటో చీటీలు, విగ్గు అద్దె రసీదు,
జేబులో చెమటకి అక్షరాలు కరిగిన మందులషాపు బిల్లు,
పారేయబుద్ధి కాక దాచుకున్న బౌన్సయిన చెక్కు.

"ఏం పని చేస్తారు?" అంది వేదవల్లి గారు
అరవ యాస కలిసిన తెలుగులో.
"కానిస్టేబుల్ని" అన్నాను.
"అప్పుడప్పుడు పెళ్ళికూతురి మేనమామని.
ఓసారి శవాన్ని, పూర్తి కాల్షీటు."
ఆవిడ నవ్వలేదు.
వృత్తి: నటన, అని టైపు కొట్టింది.
పందొమ్మిదేళ్ళలో నన్ను ఇంత పొట్టిగా, ఇంత నిశ్చయంగా
ఎవరూ పరిచయం చెయ్యలేదు.

ఖాకీ ప్యాంటు కుట్టుకూలి ఖర్చులో రాసుకోవచ్చట.
అక్క కూతురి పెళ్ళికి కొన్న సిల్కు చొక్కా కుదరదట.
"అది వేసుకునే కదండీ మేనమామ వేషం కట్టాను!"
"ముందు ఎక్కడ వేసుకున్నారు?"
అబద్ధమాడటం నా వృత్తే గానీ
ఆ కళ్ళద్దాల ముందు డైలాగు మర్చిపోయాను.

కవర్లో ఇచ్చే బేటా కూడా ఆదాయమేనట.
"పని దొరికిన నెల మూడో వంతు తీసి
వేరే ఖాతాలో వెయ్యండి. దాని కార్డు జేబులో పెట్టుకోవద్దు.
పని లేని నెలకి
మీరే నిర్మాత."

అప్పుడు తెర నా వైపు తిప్పింది.
నా పాన్ నంబరు మీద ఎవరెవరు ఎంత కోసి
సర్కారుకి కట్టారో ఆ చిట్టా.
పిలిచి ఇచ్చినవాళ్ళూ, తిప్పించుకున్నవాళ్ళూ
ఒకే వరసలో, ఒకే సైజు అక్షరాల్లో.
"ఈ ఏడు పదకొండు వేల రెండొందలు కోశారు.
మీకసలు పన్నే పడదు. మొత్తం వెనక్కొస్తుంది."
ఒక నెల అద్దె! నాకు తెలీకుండా
నా పేరున ఎక్కడో కూర్చునుంది.

పాతవి చూపించమన్నాను, ఊరికే.
ఏళ్ళు కిందికి జారాయి.
రెండువేల పదకొండు. గోదా కంబైన్స్.
అరవై వేలు. కోత ఆరు వేలు.

అందులో హీరోని నేనే.
పద్దెనిమిది రోజులు.
గుమ్మిడిపూండి ఇసుకలో చెప్పుల్లేకుండా పరుగు,
కుర్చీ వెనక సుద్దముక్కతో నా పేరు,
వానకి చెరిగితే కుర్రాడెవరో మళ్ళీ రాశాడు.
పందొమ్మిదో రోజు పొద్దున
పవర్‌హౌస్ స్టాపులో పది దాకా నిలబడ్డాను.
వ్యాను రాలేదు.
అరవైలో నాకు ముట్టింది పాతిక.
మిగతాది సరే, ఆ సినిమా ఉందని
మా ఇంట్లోనే ఎవరూ నమ్మలేదు.

"ఇది అడగొచ్చా అమ్మా?"
"గడువు దాటి చాలా ఏళ్ళయింది. రాదు సార్."
"డబ్బు కాదు. కాయితం."

ఆవిడ మొదటిసారి నా మొహం చూసింది.
ప్రింటరు రెండుసార్లు దగ్గి
ఒక్క షీటు వదిలింది, ఇంకా వెచ్చగా.
ఆ బొమ్మ విడుదలైంది
ఇదొక్క చోటే.

నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాను.
ఆడిటరమ్మ ఫీజు పదిహేను వందలు.
అదీ వృత్తి ఖర్చేనట.
రసీదు అడిగి తీసుకున్నాను.